దానమ్మ పొయ్యి కింద తాబేలు లేదు

పొడంపేట దానమ్మ తన కోడల్ని పురిట్లో తాబేలు మీద పడుకోబెట్టిందన్న మాట శుద్ధ అబద్ధం. ఒకటి కాదు, ఎనిమిది తాబేళ్లన్నది అంతకన్నా పెద్ద అబద్ధం. గంజాం బస్సులో చేపల గంపల మధ్య ఈ మాట ఎక్కినప్పుడు అవి ఎనిమిది ఒట్టి తాబేలు చిప్పలు. బరంపురంలో దిగేసరికి చిప్పలకి తలకాయలు మొలిచాయి. గోసాని నువాగాంలో ఆ కోడలి పుట్టింటి వీధికి చేరేసరికి వాటికి ప్రాణం కూడా వచ్చేసింది. బతికున్న తాబేళ్ల ఒంటి వేడికి బాలింత కాగుతోందని అక్కడ కుళాయి దగ్గర చెప్పుకున్నారు. తాబేలు ఒంట్లో వేడి ఎక్కడిది? పట్టుకుంటే చల్లగా జారిపోయే జీవం అది. ఆ ఒక్క ప్రశ్న అడిగే నాథుడు లేకే మాట అంత దూరం నడిచింది.

జరిగింది జరిగినట్టు చెప్పాలంటే ఆ కోడలు మాధవి దగ్గర మొదలుపెట్టాలి. పురిటి రోజులన్నీ ఆ గదిలో మట్టి అరుగు మీద పడుకున్నది ఆమే కదా.

మాధవి తండ్రి బరంపురంలో ఆటో నడుపుతాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. గ్యాసు పొయ్యి మీద అన్నం వండుకుని పెరిగిన పిల్ల. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. వీధిలో ఎవరో చెత్త తగలబెడితే చాలు, ఈమె గుండెల్లో పిల్లనగ్రోవి మొదలయ్యేది. అలాంటి పిల్లని పొడంపేట అప్పలరాజు కోరి చేసుకున్నాడు. చేసుకుని, ఏడాదిలో ఎనిమిది నెలలు కేరళ వైపు పడవల్లో పనికి పోయేవాడు. ఇంట్లో మిగిలింది చేపల వేటకి పోయే మామ జగ్గన్న, చేపలమ్మే అత్త దానమ్మ, ఆ ఇద్దర్నీ ఆడించే అత్తకే అత్త అయిన కన్నమ్మ.

కన్నమ్మకి ఆ ఇంట్లో దేని మీదా అంత పట్టుదల లేదు, ఒక్క పొయ్యి మీద తప్ప. దానికో కారణం ఉంది. పాత పొడంపేటని సముద్రం ఏటికింత చొప్పున కొరుక్కుంటూ వచ్చి, ఒక తుఫానుకి వీళ్ల గోడ దాకా వచ్చేసింది. ఊరంతా మూటా ముల్లె సర్దుకుని లోపలి కాలనీకి కదిలినప్పుడు, అందరూ తలుపులూ కిటికీలూ ఊడదీసుకుంటుంటే కన్నమ్మ గునపం పట్టుకుని తన పొయ్యి తవ్వింది. ఆ మట్టి ఒక తట్టలో నెత్తిన పెట్టుకుని వచ్చి, కొత్త ఇంట్లో ఎర్రమట్టితో కలిపి పిసికి, అదే ఆకారంలో మళ్లీ పొయ్యి వేసింది. అత్తగారి పొయ్యి కోడలికి దిగాలి గానీ సముద్రానికి దిగకూడదంటుంది. గ్యాసు బండ ఉంది. దాని మీద టీ మాత్రమే. అన్నం కన్నమ్మ పొయ్యి మీదే.

ఆ పొయ్యికి ఆకలెక్కువ, పని తక్కువ. మూతి చూస్తే ఒక మేక దూరేంత. సరుగుడు పుల్లలు మోపులు మోపులు తినేది. సగం మంట ముందుకొచ్చి వండేవాళ్ల మొహం మీద పడేది, తక్కిన సగం పైకప్పుని కాల్చేది, మిగిలింది కుండకి. పొగ మాత్రం ఇంటిల్లిపాదికీ.

మాధవికి ఏడో నెలలో బరంపురం ఆసుపత్రిలో చూపిస్తే డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఈ అమ్మాయికి పొగ తగలకూడదు, పురుడయ్యాక అసలే తగలకూడదు, పిల్లకీ మంచిది కాదు అన్నాడు. దానమ్మ విన్నది. విని ఊరుకోలేదు. పొగ ఎంత దూరం నుంచైతే పరవాలేదు, బొగ్గుల పొగ వేరా కట్టెల పొగ వేరా, వేడి తగిలితే తప్పా అని ఆయన్ని తలుపు దాకా తరిమి తరిమి అడిగింది. వేడి మంచిదే తల్లీ, పొగే వద్దు అని ఆయన తప్పించుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో యుద్ధమైంది.

"పురిట్లో నిప్పెట్టొద్దన్నాడా? ఆడికెప్పుడైనా పురుడొచ్చినాదేటి?" అంది కన్నమ్మ.

"నిప్పొద్దన్లేదత్తా. పొగొద్దన్నాడు."

"నిప్పున్నకాడ పొగుండదేటే?"

"అదే ఆలోసిస్తన్నాను," అంది దానమ్మ చేప పొలుసు గీకుతూ.

"ఆలోసిస్తాదంట! పుష్యమాసం సలి. పచ్చి ఒళ్లు. గదిలో కుంపటి లేకపోతే బాలింతకి వాతం కమ్మేస్తాది, సంటిపిల్ల బిగుసుకుపోతాది. నాను ఐదుగుర్ని కన్నాను. ఐదుగురికీ ఇరవై ఒక్క రోజులు నిప్పారకుండా కాసినాను. సచ్చిపోనానా?"

"నువ్వు సావలేదత్తా. నీ మనవడు అప్పలరాజే, పుట్టినాక ఆర్నెల్లు దగ్గినాడు."

కన్నమ్మ మూతి మూడు వంకర్లు తిప్పింది. "దగ్గితే ఏటయ్యింది? పెరిగి ఏనుగులా లేడేటి!"

గోడకి ఆనుకుని కూర్చున్న మాధవికి రెండు వైపులా భయమే. నిప్పు పెడితే ఊపిరి ఆడదు. పెట్టకపోతే రేపు పిల్ల తుమ్మినా, తనకి నడుం లాగినా, ముసలమ్మ మాట జన్మంతా వెంటాడుతుంది. పుట్టింట్లో చూద్దామంటే తల్లి లేదు. కడుపు మీద చెయ్యి వేసుకుని అత్త వైపే చూస్తూ కూర్చుంది.

దానమ్మ సంగతి కొంత తెలియాలి. యాభై దాటిన మనిషి, పొట్టిగా పీపాలా ఉంటుంది. పడుచు రోజుల్లో ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఆస్కా వైపు చెరకు ఊళ్లన్నీ కాలినడకన తిరిగింది. ఒడియా వాళ్లతో ఒడియాలో బేరమాడుతుంది, తెలుగులో తిట్టుకుంటుంది. ఎక్కడ ఏ పని జరుగుతున్నా గంప దించి కాసేపు చూడందే కదలదు. ఇంకో అలవాటు కూడా ఉంది. రోజూ గంప ఎత్తే ముందు మొదటి చేప తలకాయ వీధి కుక్కకి వెయ్యాలి. బేరం కాకముందే ఈ దానమేమిటని జగ్గన్న ఎన్నోసార్లు గొణిగాడు. ఎందుకని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

మూడో రోజున దానమ్మ తేల్చి చెప్పింది. "అత్తా, నీ పొయ్యి పగలగొట్టను. ఒక్క పెళ్ల ఊడదియ్యను. దానికి తోక తగిలిస్తాను, అంతే."

"పొయ్యికి తోకేటే?"

"తగిలించినాక సూడు."

వంటింటికీ పురిటి గదికీ మధ్య ఒకే గోడ. ఆ గోడకి కింద బెత్తెడు కన్నం కొట్టమని జగ్గన్నకి పురమాయించింది. కుళాయి వచ్చాక పెరట్లో బోర్లించి మూల పడేసిన పాత నీళ్ల కుండలు ఎనిమిది బయటికి లాగింది. ఆక్సా బ్లేడు పెట్టి, నీళ్లు పోస్తూ, రెండు రోజులు కూర్చుని ఒక్కొక్క కుండనీ నడుముకి కోసింది. పై సగాలు పెరట్లో పారేసింది. కింది సగాలకి అటూ ఇటూ చెయ్యి దూరేంత కంతలు చేసి, పొయ్యి వెనక నుంచి గోడ కన్నం గుండా పురిటి గది పొడవునా వరసగా బోర్లించింది. తోటలోని చీమలపుట్ట మట్టి తెచ్చి ఊకతో కలిపి తొక్కి, కుండల మీద మనిషి పడుకునేంత అరుగు మెత్తడం మొదలుపెట్టింది. సముద్రపొడ్డు ఇసక కలిపితే ఉప్పుకి పగిలిపోతుందని అది దగ్గరికి రానివ్వలేదు.

"అత్తా, ఇదేటిది?" అని అడిగింది మాధవి.

"రైలుబండి. ఇవి పెట్టెలు. పొగ మా అత్త పొయ్యికాడ ఎక్కుద్ది, నీ నడుం కిందగా ఎల్లుద్ది, అదిగో ఆ మూల గొట్టంలోంచి బైటికి దిగిపోద్ది. పోతా పోతా ఏడి నీకిచ్చి పోవాల. అదే టిక్కెట్టు."

మాధవి పకపకా నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దానమ్మ చేతిలో మట్టి ముద్ద అక్కడ పెట్టి, ఆ దగ్గు ఆగేదాకా కోడలి వీపు మీద మోచేత్తో రాస్తూ కూర్చుంది. మళ్లీ మట్టి పట్టుకున్నప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు.

ఇక్కడే పుట్టింది ఆ పుకారు. పుట్టించింది వేరెవరో కాదు, దానమ్మే.

దీపాలు పెట్టే వేళ పక్కింటి రింకి పంచదార అడగడానికి వచ్చి కిటికీలోంచి తొంగి చూసింది. మసక వెలుతుర్లో నేల మీద వరసగా ఎనిమిది గుండ్రటి వీపులు, వాటి మీద తడి మట్టి. ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర పుట్టి పెరిగిన పిల్లకి అవి ఇంకేం అనిపిస్తాయి? గుడ్లు పెట్టడానికి తాబేళ్లు వచ్చే కాలం ముందుంది కూడానూ.

"ఓలమ్మో! పెద్దమ్మా, ఏటవి?"

వీపు విరిగేలా పనిచేసి ఉన్న దానమ్మ తల కూడా తిప్పలేదు. "తాబేళ్లే. ఎనిమిది. ఎవులికీ సెప్పకే."

ఎవరికీ చెప్పొద్దన్న మాట రింకి చెవిన పడ్డాక దాని గతి ఏమవుతుందో ఆ వీధిలో చంటిపిల్లలకీ తెలుసు. పైగా ఆ ఊళ్లో తాబేలు మీద ఎవరూ హాస్యమాడరు. తాబేలు మీద చెయ్యి వేస్తే జైలే. అలసటలో దానమ్మ ఆ సంగతి మరిచిపోయింది.

పొయ్యి లోపల కూడా చిన్న మార్పు చేసింది. మేక దూరే మూతిని మట్టితో మూసుకొచ్చి, పిల్లి దూరేంత చేసింది. కట్టెలు నేల మీద కాకుండా పైన ఉంటే కింద నుంచి గాలి అందుతుందని, అటక మీద తుప్పు పట్టి ఉన్న లంగరు కొమ్ములు నాలుగు తెచ్చి అడ్డంగా పేర్చింది. అది కన్నమ్మ కంట పడింది.

"నా మొగుడి లంగరు పొయ్యిలో ఎట్టినావా!"

"నలబై ఏళ్లు నీటిలో నానినాది గదత్తా. ఇకనైనా ఎచ్చబడనీ."

కన్నమ్మ కోపపడాలో నవ్వాలో తెలియక వక్క నమిలింది.

తొలిసారి వెలిగించిన రోజు మాత్రం నవ్వే పని లేదు. అరుగు ఆరింది, మూల సిమెంటు గొట్టం నిలబెట్టారు, దానమ్మ దండం పెట్టుకుని పుల్ల గీసింది. గొట్టంలోంచి నూలుపోగంత పొగ కూడా రాలేదు. వెళ్లిన పొగంతా వెనక్కి తిరిగి పొయ్యి మూతి నుంచి, గోడ కన్నం నుంచి, అరుగు మీద వెంట్రుకంత పగుళ్ల నుంచి కక్కుకుంది. రెండు గదులూ నిండిపోయాయి. మాధవిని జగ్గన్న ఎత్తుకెళ్లినంత పని చేసి రింకి వాళ్ల అరుగు మీద కూర్చోబెట్టాడు. ఊపిరి ఈల వేస్తోంది. కళ్లలో నీళ్లు. ఆసుపత్రి వాళ్లిచ్చిన మందు పీల్చుకున్నాక గానీ మాట రాలేదు. నెలలు నిండడానికి ఇంక మూడు వారాలే.

కన్నమ్మకి గెలిచిన సంతోషం దాగలేదు. "సూసినావా! పెద్దోళ్లు పెట్టిన పొయ్యికి తోకెట్టినాది. ఇప్పుడు ఆ తోక ఎవులికి సుట్టుకున్నాదో సూడు!"

"పగలగొట్టేద్దాం ఒలే," అన్నాడు జగ్గన్న మెల్లగా. "పిల్ల సచ్చిపోద్ది."

దానమ్మ పెరట్లోకి పోయి గంప బోర్లించి దాని మీద కూర్చుంది. కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. ఎదురుగా ఇసకదిబ్బ మీద వీధి కుక్క ముడుచుకుని నిద్రపోతోంది. దాని వైపే చూస్తూ అలా ఎంతసేపు కూర్చుందో. రింకి అరుగు మీంచి మాధవికి అత్త కనిపిస్తూనే ఉంది. ఓడిపోయిన మనిషి కూర్చున్నట్టు లేదు, మరిచిపోయిన పాట తలుచుకుంటున్న మనిషిలా ఉంది. ఉన్నట్టుండి దానమ్మ లేచి నిలబడింది.

"ఎత్తు! ఎత్తున కదా పడుకున్నాది!" అంది.

"ఎవులే?" అన్నాడు జగ్గన్న.

"నీకెందుకు? గునపం తే. తోక కొస పైకి లేవాల. సమంగా ఉంటే పొగకి ఎటు పోవాలో తెల్డంలేదు."

తోక చివరి నాలుగు కుండలూ ఊడదీసి, కింద రాళ్లు పేర్చి, ఒక్కొక్కటీ వేలెడు వేలెడు పైకి లేపుకుంటూ మళ్లీ పరిచింది. మీద అరుగు మాత్రం సమంగా మెత్తింది. గొట్టానికి ఇంకో గొట్టం తగిలించి ఇంటికప్పు దాటించింది. సముద్రపు గాలి మీద పడి పొగని కిందికి తొయ్యకుండా నూనె డబ్బా కోసి టోపీ పెట్టించింది. గొట్టం మొదట్లో, బయటి గోడ వైపు, మసి తీసుకోడానికి పిడికెడు కంత ఉంచి పెంకు మూత పెట్టింది.

ఈసారి వెలిగించే రోజు మాధవిని ముందే రింకి వాళ్లింటికి పంపేశారు. దానమ్మ మొదట పొయ్యి ముట్టించలేదు. బయటికి వచ్చి ఆ కంతలో కొబ్బరి పీచు కుక్కి అంటించింది. గొట్టం వేడెక్కితే అదే పొగని లాక్కుంటుందని. ఆ తర్వాత లోపలికి పోయి పొయ్యిలో పుల్ల గీసింది.

వీధిలో నిలబడి తల పైకెత్తి చూస్తున్న జగ్గన్న ముందు అరిచాడు. వలలో గంపెడు చేప పడ్డప్పుడు కూడా అలా అరవడు. "వొస్తంది! ఒలే, వొస్తంది! గొట్టంలోంచి వొస్తంది!"

మాధవి చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని భయం భయంగా గుమ్మం దాకా వచ్చింది. వాసన లేదు. లోపలికి వచ్చింది. చెంగు తీసింది. పొయ్యిలో మంట బుసకొడుతూ వెనక్కి, లోపలికి దూరిపోతోంది. ముందుకి ఒక్క నాలుక రావడం లేదు. రెండు గుక్కల ఊపిరి పీల్చి చూసుకుంది. నాలుగు గుక్కలు పీల్చింది. అప్పుడు నవ్వింది. పొయ్యి మీద ఎసరు మరిగి అన్నం ఉడికేసరికి రోజూ అయ్యే కట్టెల్లో సగం అలాగే మిగిలాయి. అన్నం వార్చేవేళకి పురిటి గదిలో అరుగు మీద చెయ్యి పెడితే నిద్ర లేచిన పిల్ల చెంపలా గోరువెచ్చగా ఉంది. పొయ్యి ఆరిపోయినా పొద్దుగూకే దాకా ఆ వెచ్చదనం పోలేదు.

కన్నమ్మ అరుగు మీద అరచెయ్యి ఆనించి, తీసి, చీరకి తుడుచుకుని వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున మాధవి గదిలోకి వెళ్తే ముసలమ్మ అరుగు మీద రెండు కాళ్లూ బారజాపుకుని, కళ్లు మూసుకుని ఉంది.

"ఏటి మామ్మా, ఇక్కడ తొంగున్నావు?"

"తొంగోడం కాదే. సంటిపిల్లని పడుకోబెట్టే ముందు ఎవులో ఒకరు పరీచ్చ సెయ్యాల గదేటి," అని కన్నమ్మ కళ్లు తెరవకుండానే చెప్పింది. ఆ పరీక్ష మాధవి ఆసుపత్రికి వెళ్లేదాకా రోజూ జరిగింది.

పుష్యమాసంలో మాధవికి ఆడపిల్ల పుట్టింది. మూడో రోజున తల్లీపిల్లా ఇంటికొచ్చారు. గుమ్మానికి వేపమండలు కట్టారు, తలాపున ఇనపకత్తి పెట్టారు, నిప్పు ఇరవై ఒక్క రోజులు ఆరకూడదని కన్నమ్మ పొయ్యి దగ్గరే కాపురం పెట్టింది. ఆచారం ఎక్కడా తప్పలేదు. నిప్పు ఉంది. వేడి ఉంది. పొగ ఒక్కటే ఇంటికప్పు మీద నుంచి సముద్రం చూడ్డానికి పోతోంది. బయట మంచు కురుస్తుంటే మాధవి పలచటి దుప్పటి ఒక్కటి కప్పుకుని, పక్కన పిల్లని వేసుకుని, పుట్టి బుద్ధెరిగిన తరువాత ఏ చలికాలమూ పోనంత హాయిగా నిద్రపోయింది.

తొమ్మిదో రోజు ఉదయం వీధిలో మోటారు సైకిలు ఆగింది. తాబేళ్ల కాలంలో ఒడ్డు కాపలా కాసే అటవీ గార్డు పూర్ణచంద్ర. మంచివాడే, దానమ్మని మౌసీ అనీ కన్నమ్మని ఆయీ అనీ ఊళ్లో అందర్నీ వరసలు పెట్టి పిలుస్తాడు. సగం ఒడియా, సగం తెలుగు. వెనకాల రింకితో సహా సగం వీధి వచ్చింది.

"మౌసీ, రాగ కరొ నాహి, కోపం వద్దు," అన్నాడు గుమ్మం బయటే నిలబడి. "కంప్లైంట్ వచ్చింది. మీ ఇంట్లో కైంఛ ఉందంట. తాబేలు. ఎనిమిది. ఊరికే వదిలెయ్యలేం కదా, అరుగు కొంచెం తవ్వి చూడాలి."

మాధవికి కిటికీలోంచి అంతా వినిపిస్తోంది. పిల్లని ఇంకా దగ్గరికి లాక్కుంది. ఈ అరుగు తవ్వితే మళ్లీ కట్టి ఆరబెట్టడానికి పది రోజులు. అప్పటిదాకా మిగిలేది కుంపటే. ఆ పొగలో తను సరే, తొమ్మిది రోజుల పిల్ల?

కన్నమ్మ గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపింది. నెల కిందటి దాకా ఆ అరుగుని తిట్టిన మనిషే. "పురిటి గదిలోకి మగాడొస్తావా? నీ అమ్మకి సెప్పు, నీ కాళ్లిరగ్గొడద్ది! మా పొయ్యి మీద గునపం ఎయ్యాలంటే ముందు నా మీదెయ్యి!"

"ఆయీ, నేను ఏం చెయ్యను? మౌసీయే చెప్పిందంట, తాబేళ్లే అని."

అందరూ రింకి వైపు చూశారు. రింకి దానమ్మ వైపు చూసింది. "నువ్వే గదా పెద్దమ్మా సెప్పినావు! ఎవులికీ సెప్పొద్దని కూడా అన్నావు!"

"మరెందుకు సెప్పినావే?" అంది కన్నమ్మ.

"ఒక్కల్తోనే సెప్పినాను!"

దానమ్మ చేప కత్తి కింద పెట్టి లేచింది. "సెప్పినాను బాబూ. నా నోటి తీట. గదిలోకి రావొద్దు, గునపమూ వొద్దు. ఇలా రా."

ఇంటి పక్కగా, సరిగ్గా మాధవి కిటికీ కిందికి, గార్డుని తీసుకొచ్చింది. గొట్టం మొదట్లో పెంకు మూత తీసింది. పలచగా పొగ బయటికొచ్చింది.

"సెయ్యెట్టు."

"మౌసీ! లోపల నిప్పు!"

"ఎట్టు బాబూ, కాల్దు."

పూర్ణచంద్ర చొక్కా చెయ్యి మడిచి, కళ్లు చికిలించి, వేళ్లు పెట్టాడు. తర్వాత మణికట్టు. తర్వాత మోచెయ్యి దాకా. మొహంలో భయం పోయి ఆశ్చర్యం వచ్చింది. "ఇది వేడిగా లేదే! గోరువెచ్చగా ఉంది. పొయ్యి అటు మండుతోంది కదా, వేడి ఎక్కడికి పోయింది?"

"నా మనవరాలి వీపు కింద ఒగ్గేసి వొచ్చినాది."

గుంపులో ఎవరో చప్పట్లు కొట్టారు. కానీ అంతలోనే గార్డు చెయ్యి ఆగింది. "మౌసీ... గుండ్రంగా ఏదో తగులుతోంది. వీపులా."

వీధి వీధంతా ముందుకి వంగింది. రింకి మొహం వెలిగిపోయింది.

"సెల్లు లైటెయ్యి, సూడు," అంది దానమ్మ తొణక్కుండా. అతను ఒంగి చూసే లోపల తనే పెరట్లోకి పోయి, ఎండుటాకుల కింద నుంచి కుండల పై సగాలు ఒక్కొక్కటీ తెచ్చి అతని ముందు పేర్చింది. ఎనిమిది మెడలు, ఎనిమిది నోళ్లు. ఒకదాన్లో కోడిపెట్ట గుడ్ల మీద ఉంది, దాన్ని కూడా కదపకుండా కోడితో సహా తెచ్చింది.

"లెక్కెట్టుకో బాబూ. మొండేలు లోపలున్నాయి, తలకాయలు ఇయిగో. తాబేలు తలకాయ లోపలికి లాక్కుంటాదని ఇన్నాను గానీ, పెరట్లో ఒగ్గేసి పోద్దని నానెప్పుడూ ఇన్లేదు. నువ్వు ఇన్నావేటి?"

నవ్వు వీధి చివర దాకా పాకింది. పూర్ణచంద్ర మసి పట్టిన చెయ్యి చూసుకుని తనూ నవ్వాడు. నవ్వుతూనే ఆ గొట్టం వైపు, అరుగు వైపు, మళ్లీ గొట్టం వైపు చూశాడు. వెళ్లేముందు గొంతు తగ్గించి అడిగాడు. "మౌసీ, మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. చలికాలం లేవలేదు. మా చుల్లికి, అదే పొయ్యికి, ఇలాంటిది కడతావా? కుండలు నేనే తెచ్చుకుంటాను."

"కడతాను. ఈసారి ఏటవని అడిగితే కుండలనే సెప్తాను."

లోపల మాధవి పిల్లకి పాలిస్తూ కిటికీలోంచి ఇదంతా చూస్తూ కడుపు నొప్పొచ్చేలా నవ్వింది. ఇంత నవ్వినా దగ్గు రాలేదని ఆమెకి కాసేపటి తర్వాత గానీ తట్టలేదు.

ఇరవై ఒకటో రోజు పిల్లని ఉయ్యాల్లో వేశారు. వీధి వీధంతా వచ్చింది. వచ్చిన వాళ్లు పిల్లని చూసి, ఆ తర్వాత ఒంగి అరుగుని చూసి, ఆ తర్వాత పొయ్యి మూతిలోకి తొంగి చూశారు. అప్పటికే కాలనీలో రెండిళ్లలో కుండలు కోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరు నేర్పారని అందరూ అడిగారు. దానమ్మ ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చెప్పింది. జగ్గన్నకి టీవీలో చూశానంది. రింకికి గంగమ్మ కలలోకి వచ్చి చెప్పిందంది. గార్డుకి బుర్రుంటే చాలంది. ఫోనులో అప్పలరాజు అడిగితే నీ పెళ్లాన్నడగమంది. మాధవికి ఏమీ తెలియదు.

అందరూ భోజనాలు చేసి వెళ్లాక ముగ్గురు ఆడవాళ్లూ మిగిలారు. పిల్ల ఉయ్యాల్లో నిద్రపోతోంది. ఖాళీ అయిన అరుగు మీద కన్నమ్మ చేరగిలబడి, వక్క నోట్లో వేసుకుని, మొదటిసారిగా సూటిగా అడిగింది.

"ఒలే దానీ. ఆళ్లకీ ఈళ్లకీ సెప్పిన కతలు నాకొద్దు. నీకు టీవీ సూడ్డానికి తీరికెక్కడిది? గంగమ్మ కలలో వొస్తే నాకొస్తాది గానీ నీకెందుకొస్తాది? నా పొయ్యికి తోక తగిలించడం నీకెవులు నేర్పినారు? నిజం సెప్పు."

దానమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది.

"కుక్క నేర్పినాదత్తా. అప్పలరాజుకి మూడో నెల. దగ్గుతున్నోణ్ని సంకనేసుకుని, నెత్తిన గంపతో ఆస్కా పక్క ఊరెల్లినాను. తెల్లారగట్ల మంచు. బెల్లం వొండుతున్నారు. ఇంత పొడుగు పొయ్యి, ఇటు మంట, అటు ఆ కొసని పొగ గొట్టం. మడుసులందరూ మంట కాడ సేరి దగ్గుతున్నారు. ఒక కుక్క మాత్రం ఆ కొసన, ఎత్తున, మట్టి మీద ఆరు పిల్లల్నేసుకుని తొంగున్నాది. అప్పుడే ఈనినాది. పొగ లేదు, దగ్గు లేదు. పిల్లలు ఎచ్చగా పాలు తాగతన్నాయి. నాను నా పిల్లణ్ని దాని పక్కనెట్టి కూకున్నాను. బెల్లం వొండినంతసేపూ ఆడు ఒక్కపాలి కూడా దగ్గలేదు. ఇరవై తొమ్మిదేళ్లు కడుపులో దాసుకున్నాను. ఆ రోజే ఇంటికొచ్చి, అత్తా, ఒక కుక్క పురుడు మన పురుడికన్నా బాగున్నాదని సెప్పుంటే, నువ్వు నన్ను నీ పొయ్యి మీద సెయ్యెయ్యనిత్తువా?"